దొంగగుంట

శనివారంలోగా చేయవలసినవి:

గ్లాసులు డెబ్బై రెండు. సబ్బు తగలకుండా వేడినీళ్ళతో కడిగి బోర్లించాలి.
రొట్టెలు ముప్పై. శుక్రవారం సాయంత్రం బేకరీకి మళ్ళీ ఒకసారి గుర్తుచేయాలి.
శనగలు ముందురోజే నానబెట్టమని విసేన్సియా అత్తకు చెప్పాలి. పుదీనా పెరట్లోదే కోయాలి.
మాంసం తిననివాళ్ళు ముగ్గురు. వాళ్ళకు వెల్లుల్లి, కొత్తిమీర, గుడ్లు వేసి రొట్టెపులుసు.
దొంగగుంట మీద చెక్కలు పరిచి, పైన తివాచీ వేయాలి. పొడుగు బల్ల దాని మీదే.
జెఫెరీను మేస్త్రీకి ఉతికిన తెల్లచొక్కా, నల్లటోపీ.
శనివారం పొద్దున మూడో బానలో తొక్క ముంచవద్దని మేస్త్రీకి చెప్పాలి. ఒంటిగంటకు అతిథులు వచ్చాక వాళ్ళచేత ముంచించాలి, ఫోటోల కోసం.

గురువారం పొద్దున దువార్త్ ఇంజనీరుగారు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ చెబుతుంటే, అతిథుల పనులు చూసే తెల్మా నిలబడే రాసుకుంది. ఏడో పని దగ్గర పెన్ను ఆగింది. ఇంజనీరుగారు అది గమనించలేదు. లిస్బన్ నుంచి వచ్చి ఫ్రాగోజు కుటుంబానికి అల్లుడై, మూడేళ్ళ నుంచి ఈ వైన్ కొట్టును చూసుకుంటున్న మనిషి. ఒక పర్యాటక సంస్థ మొదటిసారి ఇరవై నలుగురిని పంపుతోంది. భోజనం, మూడు రకాల వైన్ రుచి, పాత బానల దర్శనం. వాళ్ళకు నచ్చితే ఇక ప్రతి శనివారం ఒక బస్సు వస్తుంది. ఆ మాట ఆయన ఆ వారంలో ఎన్నిసార్లు అన్నారో తెల్మా లెక్కపెట్టడం మానేసింది.

"రాశావా?" అన్నారు.

రాసింది.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా మిగిలిన పనులన్నీ అయిపోవడమో, ఒకరికి అప్పగించడమో జరిగింది. చెక్కలు తనే మోసింది. కొట్టులో నేల నాలుగు వైపుల నుంచీ మధ్యకు వాలుగా ఉంటుంది. మధ్యలో నడుము లోతు గుంట, రాతితో కట్టింది. బాన పగిలితే వైన్ వీధిపాలు కాకుండా వాలులో జారి ఆ గుంటలోకి చేరుతుంది, అక్కడి నుంచి తోడుకుంటారు. దొంగచాటుగా అంతా దాచుకుంటుంది కనుక ఊళ్ళో దాన్ని దొంగగుంట అంటారు. కిందటి నెల ఒక అతిథి చెప్పు మడమ దాని అంచులో ఇరుక్కుంది. అందుకని చెక్కలు. చెక్కల మీద తివాచీ పరిచి, దాని మీద నాలుగు బల్లలు కలిపి వేసేసరికి గుంట ఎక్కడుందో తెల్మాకే తెలియకుండా పోయింది. ఆమె చేతులు దులుపుకొని అటూ ఇటూ తిరిగింది. మిగిలింది ఒక్క పనే. దాన్ని తప్పించుకోవడానికి ఏదైనా పని దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు.

బానల్లో వైన్ తయారుచేసే మేస్త్రీ జెఫెరీను నిచ్చెన మీద ఉన్నాడు. గోడవారగా పదకొండు బానలు, ఒక్కొక్కటి మనిషి కన్నా ఎత్తు. లోపల గుగ్గిలం, తేనెమైనం కలిపి కాచి పూసిన పూత. ఆ పూత కూడా ఆయన చేతిదే. రసం పులిసి పొంగు మొదలయ్యాక ద్రాక్షతొక్కలన్నీ పైకి తేలి మూతలా బిగుసుకుంటాయి. ఆయన పొడుగాటి కర్ర చివరి అడ్డచెక్కను ఆ మూత అంచున ఆనించి, ముందు చుట్టూ వదులు చేసి, తరవాత నడుము వంచి బరువంతా వేసి కిందికి ముంచాడు. బాన నిట్టూర్చినట్టు గాలి వదిలింది; ఆ గాలి లోపలే బిగుసుకుంటే బానే పగులుతుంది. పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకేటప్పుడు. పొంగు ఆగేదాకా రోజుకు మూడుసార్లు, బానకు మూడేసి వందల పోట్లు. కర్ర పైకి తీసి, పక్కకు ఒరిగి, చెవిని బాన మెడకు ఆనించి విన్నాడు. అలా విననిదే ఆయన నిచ్చెన దిగడు.

బానలకు పేర్లున్నాయి. మూడో బాన పేరు అత్తగారు. అన్నిటికన్నా ముందు పొంగేది అదే, ఎక్కువ గొణిగేదీ అదే. మెడ మీద 1878 అని ముద్ర.

తెల్మా నిచ్చెన కింద నిలబడి, ఇంజనీరుగారు ఇలా చెప్పారని చెప్పింది.

"ఆయన చెబితే నాకు వినబడదు పిల్లా. చెవుల్లో ఎప్పుడూ ఈ బానల మోతే. నువ్వు చెబుతున్నావా?"

డిగ్రీ చేతికొచ్చిన రోజు నుంచి ఊరంతా తెల్మాను డాక్టరమ్మ అనే పిలుస్తోంది. అక్కడ డిగ్రీ ఉన్నవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు, పైగా ఆమె ఇంట్లో అంతకుముందు డిగ్రీ చూసినవాళ్ళు లేరు. జెఫెరీను మాత్రం నవ్వించాలన్నప్పుడో, మాట వినదలుచుకున్నప్పుడో తప్ప ఆ పిలుపు వాడడు.

"నేనే చెబుతున్నాను బాబాయ్. ఒక్కపూటే కదా. ఒంటిగంటకల్లా వచ్చేస్తారు."

ఆయన కర్రకు అంటిన తొక్కలను వేలితో గీకి బానలోకే విదిలించాడు. అత్తగారికి ఉక్కపోస్తే ఇల్లు నిలవదని అన్నాడు. రేపు ఎండ కూడా గట్టిగానే ఉండేట్టుందన్నాడు. తెల్మా లిస్టు మడిచి జేబులో పెట్టుకుంది. ఏమైనా అంటే ఆయన పక్షానే అనాల్సివస్తుందని ఆమెకు తెలుసు.

"సరే. డాక్టరమ్మ మాట," అని ఆయన నిచ్చెన పక్క బానకు జరుపుకున్నాడు.

*

శనివారం పన్నెండున్నరకు బస్సు ఇంకా ఎవొరా పట్నంలోనే ఉంది. ఎముకల గుడి అనే పాత చర్చి దగ్గర అందరూ ఫోటోలు దిగుతున్నారని గైడు ఫోన్ చేశాడు. ఒకటిన్నరకు దారిలో ఎక్కడో ఆగారు. వంటింట్లో విసేన్సియా శనగలకుండ పొయ్యి మీద నుంచి దించుతూ, ఎక్కిస్తూ, మాంసం పీచులైపోతే ఆ పాపం నాది కాదని తెల్మాకు రెండుసార్లు చెప్పింది.

జెఫెరీను తెల్లచొక్కా వేసుకొని, టోపీ చేతిలో పట్టుకొని తలుపు పక్కన నిలబడ్డాడు. గంజిపెట్టిన చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటున్నట్టు గడ్డం పైకెత్తి ఉన్నాడు. మిగతా పది బానలూ పొద్దున్నే ముంచేశాడు. ఇప్పుడు చూపంతా మూడోదాని మీదే. ఒకసారి వెళ్ళి అరచేయి ఆనించి వచ్చాడు.

"అమ్మాయ్, ఇక చాలు. నేను ఎక్కుతాను."

తెల్మా తలుపులోంచి రోడ్డు చూసింది. దుమ్ము లేస్తోంది. "వచ్చేశారు బాబాయ్. అదిగో."

వచ్చింది బస్సే. కానీ ఇరవై నలుగురు దిగడం, చేతులు కడుక్కోవడం, ఆలివ్ పళ్ళ గిన్నెల చుట్టూ మూగడం, ఇంజనీరుగారు మొదటి వైన్ పోసి ఫ్రాగోజు వంశం గురించి చెప్పడం, ఇదంతా ఒక్క నిమిషంలో అయ్యేది కాదు. డచ్చివాళ్ళు కొందరు, డెన్మార్కువాళ్ళు కొందరు, అందరూ పదవీ విరమణ చేసినవాళ్ళు, మర్యాదస్తులు, ఆకలితో ఉన్నారు. కెమెరా ఉన్నావిడ నిచ్చెన ఎక్కడానికి వీలుగా చెప్పులు మార్చుకుంటానని బస్సులోకి వెళ్ళింది.

జెఫెరీను మళ్ళీ వచ్చాడు. ఈసారి కర్ర చేతిలో పట్టుకొని, ఎక్కనా అన్నట్టు తెల్మా ముఖంలోకి చూశాడు.

"పది నిమిషాలు. ఆవిడ రానీ," అంది తెల్మా.

ఆవిడ వచ్చేలోపే ఎండిన సొరకాయ మీద దెబ్బ వేసినట్టు ఒక్క చప్పుడైంది. అందరూ అటు తిరిగారు. బాన నిలబడే ఉంది. పొట్ట మీద మాత్రం సన్నటి గీత, అడుగుదాకా. ఆ గీత వెడల్పు కావడం తెల్మా కళ్ళారా చూసింది. తరవాత పొట్ట తెరుచుకుంది.

పసుపునీళ్ళ రంగు వైన్, తొక్కలతో సహా, చీలమండల లోతున నేలంతా పరుచుకుంది. వాలు వెతుక్కుంటూ మధ్యకు వచ్చి, తివాచీని పైకి లేపి, అక్కడ చోటు లేక సుడి తిరిగింది. జెఫెరీను బాన దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా బల్ల కింద దూరి, మోకాళ్ళ మీద కూర్చొని తివాచీ చివర పట్టుకొని లాగాడు. పైన నాలుగు బల్లలు, ఇరవై నాలుగు కంచాలు. చెక్క కదల్లేదు. వైన్ గుంటను దాటి, గడపను దాటి, వీధిలోకి పోయింది. ఎదురింటి కుక్క వచ్చి వాసన చూసింది.

అతిథులు ముందు అరిచారు. ఎవరికీ దెబ్బ తగల్లేదని తెలిశాక నవ్వారు, ఫోన్లు తీశారు. ఒకావిడ చెప్పులు విప్పి పాదాలు తడుపుకుంది.

ఇంజనీరుగారు ఇంగ్లీషులో వాళ్ళకు సర్దిచెప్పారు. మా మేస్త్రీకి డెబ్బై ఒకటి, పొద్దున ముంచడం మరిచిపోయినట్టున్నాడు, వయసు కదా, మీరు చూస్తున్నది బతికి ఉన్న సంప్రదాయం అన్నారు. వాళ్ళు జాలిగా నవ్వారు. పొడుగాటి ముసలాయన ఒకడు వెళ్ళి జెఫెరీను భుజం తట్టాడు. జెఫెరీనుకు ఇంగ్లీషు రాదు. తడిసిన చొక్కాతో ఆయనకు తల ఊపాడు.

"ఇంజనీరుగారు ఏమన్నారు?" అని వంటింటి గుమ్మంలోంచి విసేన్సియా అడిగింది.

"ఏం లేదత్తా," అంది తెల్మా. "వడ్డించేద్దాం."

బస్సు వెళ్ళాక, ఎండ ఇంకా ఉండగానే, ఇంజనీరుగారు పెరట్లో మేస్త్రీని పిలిచారు. ద్రాక్ష కోతకు వచ్చిన మనుషులు గోడవారన చేతులు కడుక్కుంటున్నారు. ట్రాక్టరు నడిపే గాస్పార్ అక్కడే ఉన్నాడు. తెల్మా కంచాల దొంతర పట్టుకొని మెట్టు మీద ఆగిపోయింది. పొద్దున్న ముంచాడా లేదా అని ఇంజనీరుగారు అడిగారు. ఆ లిస్టు రాయించింది తానేనన్న సంగతి ఆయన ముఖంలో ఎక్కడా లేదు. నిజంగా గుర్తులేదేమో. ఆయన ఆ వారంలో అలాంటివి ఎన్నో రాయించారు.

తెల్మా నోరు తెరిచింది. జెఫెరీను ఆమెకు ఆ వ్యవధి ఇవ్వలేదు.

"మరిచిపోయాను," అన్నాడు, అందరికీ వినబడేట్టు.

గాస్పార్ చేతులు కడుక్కోవడం ఆపాడు. ఇంజనీరుగారు మెత్తగానే మాట్లాడారు. ఇన్నేళ్ళు చేశారు మేస్త్రీ, ఇక విశ్రాంతి తీసుకోండి, తాళంచెవి మంగళవారం ఇచ్చేయండి, మిగతా బానలకు పక్కూరు కూబా నుంచి ఎవరినైనా పిలిపిస్తాను అన్నారు. జెఫెరీను సరేనన్నాడు. తెల్మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె కంచాలను కడుపుకు ఆనించి పట్టుకుంది. ఆప్రాన్ జేబులో ఆ లిస్టు నాలుగు మడతలుగా ఉంది.

*

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, మగవాళ్ళు కూర్చొని తాగే చావడి ముందు నుంచి వెళుతూ తెల్మా లోపలికి చూసింది. జెఫెరీను బల్ల చివర కూర్చున్నాడు. ఆయనకు చోటివ్వడానికి మగవాళ్ళు కాస్త ఎక్కువగానే జరిగారు. గాస్పార్ తన సీసాలోంచి ఆయన గ్లాసులో వైన్ పోశాడు. ఎవరూ ఒక్క మాట విసరలేదు. కాలు జారినవాణ్ణి, గాడిదను పోగొట్టుకున్నవాణ్ణి, పెళ్ళాం తిట్టినవాణ్ణి నెలల తరబడి వదలని ఊరు అది. ఆయన్ను మాత్రం, జాలికొద్దీ, ఎవరూ ఎగతాళి చేయలేదు. అది చూశాక ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు.

మధ్యాహ్నం ఆయన పెరటికి వెళ్ళింది. ఆయన గాజుపెంకుతో కర్ర అడ్డచెక్కను నున్నగా గీకుతున్నాడు. ఇచ్చేసే ముందు శుభ్రం చేయాలిగా అన్నాడు. తెల్మా నిలబడే మనసులోదంతా చెప్పింది. సోమవారం పొద్దున్నే ఇంజనీరుగారి దగ్గరికి వెళతానంది, లిస్టు ఉందంది.

"వెళ్ళి?"

"నేనే ఆపానని చెబుతాను."

"అప్పుడు నీ ఉద్యోగం కూడా పోతుంది. నాది ఎటూ పోయేదే, ఒక ఏడు ముందో వెనకో. ఇద్దరం కలిసి పోయి ఎవరిని ఉద్ధరిద్దామని?"

"నలభై ఆరు కోతలు బాబాయ్. ఒక్క బాన పోలేదు."

"లెక్క నాకు తెలుసు."

ఆయన గీకుతూనే ఉన్నాడు. సన్నటి పొట్టు చుట్టలు చుట్టుకొని ఆయన బూట్ల మీద పడుతోంది. తెల్మా అక్కడే నిలబడి చివరికి సంత్ మార్టిన్ పండుగ సంగతి ఎత్తింది. ఆ రోజు కొత్త వైన్ తీయడానికి మొదటి బాన అడుగున బిరడా కొట్టి తెరిచేది మేస్త్రీయే. ఆ ఏడు నిర్లక్ష్యంతో బాన పోగొట్టినవాడు కొట్టకూడదు. జనం వెనక నిలబడాలి. ఆ ఊరి ఆచారం అది, ఎవరూ రాసిపెట్టింది కాదు. తన చిన్నప్పటి నుంచి బిరడా కొట్టే చేయి ఒక్కటే చూసింది తెల్మా.

"వెనక నిలబడి కూడా తాగొచ్చు," అన్నాడు జెఫెరీను. "రుచి మారదు."

గాజుపెంకుకు వేలు తెగింది. ఆయన వేలు నోట్లో పెట్టుకొని, ఇక వెళ్ళమన్నట్టు గడ్డంతో వీధి చూపించాడు.

సోమవారం ఇంజనీరుగారు ఉత్సాహంగా ఉన్నారు. బాన పగిలిన వీడియోలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. పర్యాటక సంస్థ ప్రతి శనివారం బస్సు పంపుతానంది. పెంకులు ఊడ్చవద్దని, పడ్డవి పడ్డట్టే ఉంచి పైన ఒక దీపం పెట్టించమని ఆయన తెల్మాకు చెప్పారు. బల్ల కూడా ఉన్నచోటే ఉండనిమ్మన్నారు. మంగళవారం పదకొండుమంది భోజనానికి వస్తున్నారు, వాళ్ళను ముందు అక్కడికే తీసుకురావాలి. జనం వైన్ కోసం రారు, కథ కోసం వస్తారు. ముసలి మేస్త్రీ, మతిమరుపు, పగిలిన నూట నలభై ఏళ్ళ బాన. ఆ కథ తెల్మా బాగా చెబుతుందని ఆయన నమ్మకం.

తెల్మా నాలుక దాకా వచ్చిన మాటకు, దీపం వైరు ఎక్కడి నుంచి లాగాలి అన్న ఆయన ప్రశ్న అడ్డం పడింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆ రోజంతా మిగిలిన పది బానల మధ్య తిరుగుతూనే ఉంది. జెఫెరీను నిచ్చెన మీద ఉన్నాడు, ముంచుతున్నాడు, వింటున్నాడు. రేపటికి కూబా మనిషి ఇంకా కుదరలేదు.

*

మంగళవారం ఒంటిగంటకు పదకొండుమందీ పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. పెరట్లో చెట్టు కింద కోతమనుషులు నలుగురు, గాస్పార్‌తో కలిసి తమ గిన్నెల్లో తింటున్నారు. వంటింటి గుమ్మం దగ్గర జెఫెరీను చేతిలో టోపీ, దాని కింద తాళంచెవి పట్టుకొని నిలబడ్డాడు. అతిథుల భోజనం అయ్యాక ఇద్దామని ఆగాడు. మామూలు గళ్ళ చొక్కా, వేలికి గుడ్డపీలిక.

తెల్మా పెంకుల దగ్గర దీపం కింద నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. బాన వయసు చెప్పింది, గుగ్గిలం పూత గురించి చెప్పింది, రోజుకు మూడుసార్లు ఎందుకు ముంచాలో చెప్పింది. తరవాత, మేస్త్రీ మరిచిపోలేదని చెప్పింది. ఫోటోల కోసం ఆపించామని, ఆపమని ఆయనకు చెప్పింది తానేనని, ఆయన రెండుసార్లు వచ్చి అడిగాడని చెప్పింది.

అతిథులు తలలూపారు. ఎంత నిజాయితీ అని ఒకావిడ పక్కావిడతో అంది. పెంకు ఒకసారి పట్టుకోవచ్చా అని ఒకాయన అడిగాడు. బల్ల చివర ఇంజనీరుగారు మొదట ముఖం చిట్లించి, వాళ్ళ ముఖాలు చూశాక సర్దుకొని, గ్లాసు ఎత్తారు.

"ఇదే బాగుంది," అన్నారు తమ భాషలో, మెల్లగా. "రోజూ ఇలాగే చెప్పు. నేను చెప్పినదానికన్నా నయం."

తెల్మా గుమ్మం వైపు చూసింది. జెఫెరీను మర్యాదగా వింటున్నాడు, శనివారం తన భుజం తట్టినాయనకు తల ఊపినట్టే. విసేన్సియా గరిటె పట్టుకొని ఎప్పుడు వడ్డించమంటావన్నట్టు చూస్తోంది. పెరట్లో గాస్పార్ రొట్టె తుంచుకుంటున్నాడు. తాను ఇంతసేపూ ఇంగ్లీషులో చెప్పిన మాట ఈ గదిలో వినవలసినవాళ్ళలో ఒక్కరికీ చేరలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆమె పెంకులకు వీపు తిప్పి, తలుపు వైపు తిరిగి, తమ భాషలో మొదలుపెట్టింది.

"విసేన్సియా అత్తా, వినండి. గాస్పార్ అన్నా, మీరూ." గొంతు ఆమెకే పెద్దదిగా వినిపించింది. "శనివారం బాబాయ్ మరిచిపోలేదు. ముంచొద్దని నేను చెప్పాను. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేనే ఆపాను. నా ఉద్యోగం పోకూడదని తప్పు తన మీద వేసుకున్నాడు. ఇదిగో, ఏడో పని. నా చేతిరాత."

లిస్టు మడతలు విప్పి విసేన్సియా చేతిలో పెట్టింది. విసేన్సియా కళ్ళజోడు లేనిదే చదవలేదు. అయినా కాగితం పైకెత్తి పట్టుకుంది.

"నోరుముయ్యి పిల్లా," అన్నాడు జెఫెరీను. చాలా నెమ్మదిగా అన్నాడు.

ఇంజనీరుగారు గ్లాసు కింద పెట్టారు. అతిథులకు భాష తెలియకపోయినా తినడం ఆపారు. గాస్పార్ గిన్నె పక్కన పెట్టి లేచి, గడప దాకా వచ్చి, ఆ కాగితాన్ని, తెల్మాను, తరవాత జెఫెరీనును పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏం మేస్త్రీ," అన్నాడు. "మూడు రోజులు మేమంతా ఊరికే జాలిపడేట్టు చేశావు. ఆదివారం నా సీసాలో సగం నీకే పోశాను. అది కక్కు."

పెరట్లో ఒకడు నవ్వాడు. ఇంకొకడు, ఆ ముసలాడికి పోసింది తిరిగి రాదు, వాడు అడుగున బిరడా కన్నం లేని బాన అన్నాడు. విసేన్సియా గరిటెతో కొట్టబోయినట్టు చేసి ముఖం ఆప్రాన్‌తో తుడుచుకుంది. జెఫెరీను చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవిని కాసేపు చూసుకొని, జేబులో వేసుకొని, టోపీ తలమీద పెట్టుకున్నాడు.

"తరవాత నవ్వుదురు గానీ," అన్నాడు. "ముందు ఆ గుంట మీద చెక్కలు తియ్యండి."

ఇంజనీరుగారు లేచి ఏదో అనబోయారు. కోతమనుషులు అప్పటికే బల్లకు చెరో పక్కా చేతులేశారు. అతిథులు గ్లాసులు పట్టుకొని లేచి దారిచ్చారు. బల్ల జరిగింది, తివాచీ చుట్టుకుంది, చెక్కలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. గుంట నోరు తెరుచుకొని, లోపల ఇంకిన వైన్ పులుపువాసన గదిలోకి వచ్చింది. జెఫెరీను నిచ్చెనను నాలుగో బానకు వేసి ఎక్కాడు. మధ్యాహ్నం వంతు అప్పటికే ఆలస్యమైంది.

ఆ సాయంత్రం ఇంజనీరుగారు తాళాలు అడిగారు. మేస్త్రీని కాదు, తెల్మాను. పది బానలు పొంగుతూ ఉండగా మేస్త్రీని పంపడం ఆయన వల్ల కాలేదు. తెల్మా ఆఫీసు తాళం, వంటింటి తాళం, గ్లాసుల బీరువా తాళం వరసగా బల్ల మీద పెట్టి ఇంటికి నడిచింది. దారిలో ఏడ్చింది. నవంబరులో సంత్ మార్టిన్ నాడు జనంలో నిలబడి, బిరడా కొట్టిన జెఫెరీను చేతిని చూసింది.

ఆ వైన్ కొట్టుకు ఇప్పటికీ శనివారాలు బస్సులు వస్తాయి. మీరూ ఎప్పుడైనా భోజనానికి వెళితే, శనగలకూర మళ్ళీ అడిగి వేయించుకోండి, మూడో బాన ఉండాల్సిన ఖాళీ దగ్గర ఎవరు ఏ కథ చెప్పినా మర్యాదగా వినండి. కానీ జెఫెరీను కమాషు అనే మనిషి ఉండేవాడని, నలభై ఆరు కోతల్లో ఆయన మరిచిపోయి పోగొట్టిన బాన ఒక్కటీ లేదని, దయచేసి గుర్తుపెట్టుకోండి.